బండిపాలు

ట్రిప్పు 301, సోమవారం

బండి రిజిస్టరులో నాలుగే గడులు: తేదీ, కిలోమీటర్లు, సార ఎంత పట్టింది, సంతకం. తిట్టుకోవడానికి గడి లేదు. అందుకని ఇవాళ్టి నుంచి ఈ నోటుబుక్కు వేరే పెడుతున్నాను. దీన్ని ఎవరూ తనిఖీ చేయరు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసుకోవచ్చు.

నేను స్వరూపను. గుండ్లవాగు ఊరి డయాలసిస్ వ్యాను నడుపుతాను. సోమ, బుధ, శుక్రవారాలు ఇద్దరు మనుషుల్ని యాభై ఎనిమిది కిలోమీటర్ల అవతల ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, నాలుగు గంటలు రక్తం కడిగించి, మళ్ళీ ఇళ్ళకు చేరుస్తాను. ఒకరు ఓదెలు మామ, అరవై మూడేళ్ళవాడు. ఇంకొకరు నవనీత, మా బడి పంతులమ్మ, ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఊరి బావుల్లో నీళ్ళు అడుగంటినకొద్దీ కిడ్నీలు పోయినవాళ్ళు పెరిగారు. వ్యాను మొదలుపెట్టినప్పుడు తొమ్మిదిమంది ఉండేవాళ్ళు, ఇప్పుడు ఈ ఇద్దరే మిగిలారు. ఒక్క వారం ట్రిప్పులు ఆగితే ఈ ఇద్దరూ మిగలరు.

పొద్దున అయిదింటికి ఎప్పటిలాగే నీళ్ళు కాచి, గుడ్డలు ముంచి ఇంజినుకు చుట్టాను. పెట్రోలు ఉన్న రోజుల్లో ఈ తిప్పలు ఉండేవి కావట. పెట్రోలు తెచ్చే ఓడలు రావడం ఆగిపోయి పంతొమ్మిదేళ్ళయింది. మక్కలు, అదే మొక్కజొన్నలు, పులియబెట్టి కాచే ఇంధనాన్ని పట్నంలో ఇథనాల్ అని గౌరవంగా పిలుస్తారు, మా ఊళ్ళో మాత్రం సార అనే అంటాం. చలికాలం పొద్దుటిపూట అది ఒక పట్టాన అంటుకోదు. నలుగురిని బతిమిలాడినట్టు ఇంజిన్ని బతిమిలాడుకోవాలి.

ట్యాంకులో పోసే ముందు గ్లాసెడు సార తీసి, తేలే గాజుగొట్టం వేసి చూశాను. తొంభై అయిదు చూపించాలి, అంటే వంద పాళ్ళలో నీళ్ళు అయిదు పాళ్ళకు మించకూడదు. ఇవాళ తొంభై చూపించింది. మూడు వందల ట్రిప్పుల్లో ఇలా ఎప్పుడూ లేదు. పెట్రోలులో నీళ్ళు పడితే అడుగున వేరుగా కనపడేవట. సార నీళ్ళను తనలో కలిపేసుకుని ఏమీ ఎరగనట్టు తేటగా ఉంటుంది.

రెండుసార్లు ఎక్కువ తిప్పితే లేచింది. బయల్దేరడం ఇరవై నిమిషాలు ఆలస్యం. ఓదెలు మామ పోయిన బుధవారం ఆసుపత్రిలో స్పృహ తప్పాడు. అప్పటినుంచి ఆయన భార్య రాజవ్వత్త మొహంలో నెత్తురు చుక్క లేదు.

ట్రిప్పు 303, శుక్రవారం

మళ్ళీ తొంభై. బుధవారమూ అంతే.

రోగుల ఇళ్ళవాళ్ళు బండికి తలా ఒక పని చేయాలని ఊరి కట్టుబాటు. నవనీత వాళ్ళమ్మ వ్యాను తుడుస్తుంది. రాజవ్వత్త, నేను డబ్బా ట్యాంకులో ఒంపేశాక, ఆ ఖాళీ డబ్బాను నెత్తిన పెట్టుకుని సార కాచే బట్టికి పోయి నింపించుకుని వచ్చి షెడ్డులో పెడుతుంది. నల్ల డబ్బా, ఇరవై లీటర్లది. ఒక డబ్బా ఒక ట్రిప్పు. నేను తెచ్చుకుంటానన్నా ఒప్పుకోదు. "మా ఆయన కోసం నడిచే బండి, గీ మాత్రం చెయ్యకపోతే ఎట్ల?" అంటుంది.

ట్రిప్పు అయ్యాక నేరుగా బట్టికి వెళ్ళాను. బట్టి కాసేది అయిలయ్య. వాళ్ళ తాత దొంగసార కాచి రెండుసార్లు జైలుకు వెళ్ళాడు. మనవడికి అదే పని అప్పగించి, గోడ మీద పంచాయితీ ముద్ర వేయించారు. ఎవరూ తాగకుండా చేదుమందు కలపడం ఒక్కటే కొత్త. అయిలయ్య పెద్దడ్రమ్ము మూత తీసి, "చూస్కో చెల్లె" అన్నాడు. గొట్టం వేశాను. తొంభై అయిదు.

"మరి షెడ్డుకొచ్చేసరికి తొంబై ఎట్లయితాంది?"

"నాకేం తెలుసు? నేను గీ డ్రమ్ముల కెల్లే పోస్తున్న."

నా కళ్ళ ముందు తొంభై అయిదు, నా వెనక తొంభై. రాజవ్వత్తను అడిగాను, డబ్బా నింపేటప్పుడు అతను ఏమన్నా కలుపుతున్నాడా అని. "నేను సూడలే బిడ్డా. డబ్బ గరాటు కింద పెట్టి బయట కూసుంట. ఆ వాసనకు నాకు తల తిరుగుతది" అంది. ఇక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదనిపించింది.

ట్రిప్పు 305, బుధవారం

మెతక సారతో బండికి ఆకలి పెరిగింది. వారానికి మూడు డబ్బాలు చాలేవి, ఇప్పుడు నాలుగు పడుతున్నాయి.

దారిలో ఓదెలు మామకు, నవనీతకు ఎప్పటి వాదమే. మామ పడుచుతనంలో పెట్రోలు బంకులో పనిచేశాడు. పెట్రోలు పేరెత్తితే చాలు ఆయన కళ్ళు మెరుస్తాయి.

"ఒక్క లీటరు పోస్తే మోటరుసైకిలు యాబై కిలోమీటర్లు ఉరికేది పిల్లా. నీ సార ముప్పై కూడ ఉరకది. రబ్బరు పైపులు తింటది, ట్యాంకుకు చిలుము పట్టిస్తది, చలైతే మూలుగుతది."

"ఆ పొగ ఎవరు పీల్చిర్రు మామా? మా తాత దమ్ముతోని సచ్చిపోయిండు. గిప్పుడు మన బండి ఎనక నిలబడితే పిండివంటల వాసనొస్తది. పెట్రోలు ఎవరి దేశంలనో దొరికేది, వాళ్ళు బందు వెడితే బందు. సార మన చేన్ల పండుతది."

"మన చేన్లనే పండుతది," అన్నాడు మామ. "అదే గద నా బాధ."

తర్వాత ఆయన లెక్క చెప్పాడు. ఒక డబ్బా సారకు యాభై కిలోల మక్కలు. ఆ యాభై కిలోలు గట్క కాస్తే వందమంది ఒక పూట కడుపునిండా తింటారు. "నేనొక్కసారి పోయొస్తే వందమంది పస్తు. వారానికి మూడుసార్లు" అన్నాడు. ఆ వందమందిలో నవనీత బడిపిల్లలు ఉన్నారు. సూదుల గుర్తులతో ఉబ్బిన చెయ్యిని కొంగుతో కప్పుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ట్రిప్పు లేదు, ఆదివారం

ఇవాళ ఊరంతా పంచాయితీ ఆఫీసు ముందు కూర్చుంది. నాలుగో డబ్బా కావాలంటే మక్కలు ఎక్కువ కావాలి. ఇప్పటిదాకా ప్రతి ఇల్లూ పండిన పది మానికల్లో రెండు బండికి ఇస్తోంది. దానికి మేం బండిపాలు అని పేరు పెట్టుకున్నాం, బండికి చెందిన పాలు అని. పెట్టినప్పుడు అందరికీ నచ్చిన పేరే. ఇవాళ సర్పంచ్ విమల రెండును మూడు చేయాలనగానే, అదే మాటను ఒక తల్లి తిరగేసి విసిరింది.

"పిల్లలకు రెండో పూట గట్క లేదు. ఉన్న మక్కలన్ని బండిపాలు చేసిండ్రు!"

నీళ్ళపాలు, మట్టిపాలు, ఇప్పుడు బండిపాలు. నవ్వినవాళ్ళు కొందరు, తల దించుకున్నవాళ్ళు కొందరు. బట్టికి పోయే నీళ్ళ సంగతి ఇంకొకరు లేవనెత్తారు. ఇంటికి రోజుకు రెండు బిందెల లెక్కన మాకు వంతు నీళ్ళు ఇస్తూ, బట్టికి మాత్రం పీపాలకు పీపాలు తోలుతున్నారు. అది అబద్ధమేమీ కాదు.

ఓదెలు మామ లేచి ఏదో అనబోయాడు. రాజవ్వత్త చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. అప్పుడు నేను లేచాను. నా నోరు మంచిది కాదని నాకు తెలుసు. నాలుగో డబ్బా అవసరం మక్కల వల్ల రాలేదని, సారలో నీళ్ళు కలుస్తున్నాయని, బట్టిలో తొంభై అయిదు ఉన్నది షెడ్డుకొచ్చేసరికి తొంభై అవుతోందని అందరి ముందూ చెప్పేశాను. అయిలయ్య పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేదు, అందరూ అతని వైపే తిరిగారు.

మూడు పాళ్ళకు ఒప్పుకున్నారు. ఒప్పుకుని లేచిపోయేటప్పుడు ఎవరూ ఓదెలు మామ వైపు చూడలేదు.

ట్రిప్పు 307, సోమవారం

అయిలయ్య షెడ్డుకు వచ్చాడు. కొట్టడానికి వచ్చాడేమో అనుకున్నాను. గుమ్మం బయటే నిలబడి మాట్లాడాడు.

"చెల్లె, ఒక మాట చెప్త, ఇనరాదు. నా డ్రమ్ముల సార మిగులుతాంది. ఒక్కో డబ్బకు లీటరు దాక మిగులుతాంది. లెక్క కుదురుతలేదు. మిగిలింది తీసి పక్కకు పెట్టిన. గిది నీకు చెప్పాలె అనిపిచ్చింది."

"నీళ్ళు పోసి నింపితె సార మిగలక ఏం జేస్తది?" అన్నాను.

అతను నన్ను అలాగే చూశాడు. "నువ్వు సదువుకున్నదానివి. నువ్వే గిట్లంటె ఇగ నేనేం జెప్పాలె" అని వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు జాలి కలగలేదు. దొరికిపోయాడని సంతోషమే కలిగింది. ఈ నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను.

ఇవాళ్టి నుంచి గొట్టం వేయడం మానేశాను. ఎలాగూ తొంభై చూపిస్తుంది, దానికోసం గ్లాసెడు సార పారబోయడం ఎందుకు?

ట్రిప్పు 309, శుక్రవారం

ఓదెలు మామకు తెల్లవారుజాము నుంచి ఎగపోత. కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టలేదు. నవనీత ఆయన వీపు నిమురుతూ కూర్చుంది. ఆసుపత్రిలో ఒంట్లోంచి మూడున్నర లీటర్ల నీళ్ళు తీశారు. తిరుగు దారిలో కాస్త తేరుకుని, "సోమవారం దాక ఆగుత లే, భయపడకుర్రి" అన్నాడు. నీళ్ళు తక్కువ తాగమని నర్సు చెబితే, తాగడానికి ఎక్కడున్నాయమ్మా అని నవ్వాడు.

ట్రిప్పు లేదు, శనివారం

పంచాయితీవాళ్ళు బట్టి సోదా చేశారు. గడ్డివాము వెనక క్యాన్లో తొమ్మిది లీటర్ల సార దొరికింది. గొట్టం వేయడానికి నన్నే పిలిచారు. తొంభై అయిదు, చుక్క తేడా లేదు. మంచిది తను దాచుకుని మనకు నీళ్ళది పోస్తున్నాడని ఒకరు అరిచారు, అందరూ అందుకున్నారు. ఎవరో ఉమ్మారు కూడా. అయిలయ్య బట్టి తాళంచెవి తీసి విమల చేతిలో పెట్టి ఇంటికి పోయాడు. తొమ్మిది లీటర్లూ డ్రమ్ములో పోసి, పంచాయితీ తాళం వేశారు. డ్రమ్ములో ఇంకా తొమ్మిది డబ్బాల సార ఉంది.

ట్రిప్పు 310, సోమవారం

రిజిస్టరులో ముప్పై ఒక్క కిలోమీటరు అని రాశాను. మిగతాది ఇక్కడ రాయాలి.

ఈ చలికాలంలో ఇంత చలి ఇదే. అయిదింటికి ఓదెలు మామను మంచంతో సహా మోసుకొచ్చి వ్యానులో పడుకోబెట్టారు, పక్కనే రాజవ్వత్త కూడా ఎక్కింది. గొంతులో గురక. శుక్రవారం నింపిన డబ్బాను ట్యాంకులో ఒంపి తాళం తిప్పాను. లేవలేదు. వేడి గుడ్డలు మార్చాను, మళ్ళీ తిప్పాను. నలుగురం కలిసి వాలు దాకా తోశాం. దగ్గు లాంటి చప్పుడు తప్ప ఏమీ లేదు. వారం రోజుల తర్వాత మొదటిసారి బండి సారలో గొట్టం వేసి చూశాను. ఎనభై ఆరు కంటే కింద ఉంది.

వేరే డబ్బా లేదు, నాలుగోది శుక్రవారమే అయిపోయింది. బట్టి దగ్గరికి పరిగెత్తాను. తాళం. విమల ఇంటికి పరిగెత్తాను. ఆమె నీళ్ళ వంతుకు కాలువ దగ్గరికి పోయింది, తాళంచెవి మొలకు కట్టుకునే పోయింది. అయిదు కిలోమీటర్లు. నవనీత వాళ్ళన్న సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాడు. తాళం పగలగొట్టబోతే ఇనుపతలుపు వంగను కూడా వంగలేదు.

విమల వచ్చేసరికి ఎనిమిది. ట్యాంకు ఖాళీ చేసి డ్రమ్ములోని సార పోశాం. ఒక్క తిప్పుకు లేచింది.

పదిహేనో కిలోమీటరు దగ్గర ఓదెలు మామ కళ్ళు తెరిచి, "లేసిందా బండి?" అన్నాడు. లేచింది మామా అన్నాను. ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర నవనీత, "అక్కా, ఆపు" అంది. ఆమె ఎందుకు ఆపమందో అద్దంలో చూడకుండానే తెలిసింది.

ఆయన్ని అక్కడే రోడ్డు పక్కన దింపలేం కదా. నవనీతకు ఇవాళ మిషన్ మీద కూర్చోకపోతే ఆమె ప్రాణం మీదికి వస్తుంది. వెనక్కి తిరుగుదామని నేనంటే రాజవ్వత్త ఒప్పుకోలేదు. "పోనీ బిడ్డా, ఆ పిల్లనన్న కడిగియ్యి" అంది. మిగతా ఇరవై ఏడు కిలోమీటర్లూ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ కిలోమీటర్లు రిజిస్టరులో రాయబుద్ధి కాలేదు.

ట్రిప్పు 313, సోమవారం

బుధవారం నుంచి నేనే డబ్బాలు నింపుకుంటున్నాను. ప్రతిసారీ తొంభై అయిదు. ఊరికి రుజువు దొరికింది. అయిలయ్య ఇంటి తలుపు మీద ఎవరో బొగ్గుతో రాతలు రాశారు, నేను వాటి వైపు చూడకుండా దాటిపోతున్నాను.

బట్టి ఆగి తొమ్మిది రోజులైంది. కాచడం ఇంకెవరికీ రాదు. ఇద్దరు ప్రయత్నించి ఒక వాయి మక్కలు మాడ్చేశారు. ఒక్క మనిషి కోసం ఇక బట్టి ఎందుకు, బండిపాలు ఎందుకు అన్న మాట మెల్లగా మొదలైంది. ఎవరూ నవనీత ముందు అనడం లేదు. కానీ ఆమెకు చెవులున్నాయి. ఇవాళ దారి పొడుగునా పిల్లల పరీక్ష కాగితాలు దిద్దింది. అన్నీ ఇవాళే ఎందుకు అంటే, మిగల్చడం ఇష్టం లేదంది.

ట్రిప్పు 315, శుక్రవారం

నిన్న పదకొండో రోజు అయిపోయింది. ఇవాళ పొద్దున రాజవ్వత్త షెడ్డుకు వచ్చింది. నీకిక ఈ పని లేదు అత్తా అన్నాను. "ఇంట్ల ఏం జెయ్యాలె? ఆ పిల్ల పోతాంది గద, తెస్త" అంది. సరేనని డబ్బా ఒంపేసి పక్కన పెట్టి, వేడి గుడ్డలు తీయడానికి ఇంజిన్ వైపు తిరిగాను.

నీళ్ళ చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే రాజవ్వత్త ఇంటి నుంచి తెచ్చుకున్న చెంబుతో డబ్బాలోకి నీళ్ళు పోస్తోంది. తొణకకుండా, కొంగు అడ్డం పెట్టి, తీర్థం పోసినట్టు.

"ఏం జేస్తున్నవత్తా?" అన్నాను.

"ఖాళీ డబ్బ ఎదురు రావద్దు బిడ్డా. నువ్వు నవనీతను ఎక్కించుకొని మలుపు తిరిగేసరికి నేను డబ్బతోని ఎదురైత. పానం బాగలేనోళ్ళు పోయే బండికి వట్టి డబ్బ ఎదురొస్తె మంచిగుంటదా? మీ మామ దవాఖానల పడిపోయిన్నాడు నాకు యాదికొచ్చింది, గన్ని దినాలు వట్టి డబ్బతోనే ఎదురొచ్చిన అని. గప్పటిసంది చెంబెడు నీళ్ళు పోసుకొని పోతున్న. మా వంతు నీళ్ళే, బండి నీళ్ళు ముట్టలే."

"అయిలయ్యకు చెప్పినవా?"

"చెప్పుడెందుకు? ఒంపేసి నింపుతడు గద."

అయిలయ్య ఒంపడు. బండి నుంచి వచ్చే డబ్బా ఎప్పుడూ ఖాళీయే, ఒంపాల్సిన పని ఏనాడూ పడలేదు. గరాటు పెట్టి మెడ దాకా పోస్తాడు, లోపల చెంబెడు నీళ్ళు ఉన్నాయి కాబట్టి లీటరు ముందే నిండుతుంది, డ్రమ్ములో లీటరు మిగులుతుంది. అతను నాకు చెప్పింది అదే. గుమ్మం బయట నిలబడి మరీ చెప్పాడు.

రాజవ్వత్త ఇంకో చెంబు ముంచింది. "గిప్పుడు నేను ముండమోసినదాన్ని, నేనెదురొచ్చుడే మంచిది గాదు. అందుకని రెండు పోస్తున్న. మొన్న మీ మామకు ఎగపోత ఎక్కువైన శుక్రవారం గూడ రెండు పోసిన. అయినా దేవుడు సూడలే."

డబ్బా లాక్కున్నాను. ఎందుకు బిడ్డా అంటే, ఇవాళ నేనే నింపుకుంటాను లెమ్మని ఏదో అన్నాను. వంద కిలోమీటర్లకు పైగా నడిపి వచ్చాను, ఒక్క మలుపు కూడా గుర్తు లేదు.

ట్రిప్పు లేదు, శనివారం

అయిలయ్య దగ్గరికి వెళ్ళాను. తలుపు మీది రాతలు తుడవలేదు, అలాగే ఉంచాడు. జరిగింది చెప్పి, కాళ్ళు పట్టుకోబోతే జరిగాడు.

"పాపం రాజవ్వ" అన్నాడు ముందు. తర్వాత, "మా తాతను పోలీసులు బేడీలేసి తీసుకపోయిర్రు. గానీ ఊర్ల ఎవరూ దొంగ అనలే. నన్నన్నరు" అన్నాడు.

"బట్టి పెట్టన్నా. డ్రమ్ముల మూడు డబ్బలే ఉన్నయి. వచ్చే శుక్రవారం తర్వాత నవనీత పోలేదు."

"ఊరి ముందట నా పేరు కడుగు. రేపే పెడత."

అతను అడిగింది న్యాయం. కానీ అతని పేరు కడగాలంటే ఆ నీళ్ళు ఎవరు పోశారో చెప్పాలి. చెప్పకపోతే బట్టి లేదు, నవనీత లేదు. చెబితే, పన్నెండు రోజుల కింద మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషికి నీ చేతులతోనే అని చెప్పినట్టు. తప్పు నా మీద వేసుకుందామా అని కూడా ఆలోచించాను. నేను నీళ్ళు కలిపానంటే ఊరు నమ్మదు, నమ్మితే బండి నా చేతుల్లో ఉంచదు. నడపడం కూడా ఇంకెవరికీ రాదు.

సాయంత్రం రాజవ్వత్త ఇంటికి వెళ్ళి చెప్పాను. మెత్తగా ఎలా చెప్పాలో తెలియక మామూలుగానే చెప్పాను. సార నీళ్ళను కలుపుకుంటుందని, అయిలయ్య డబ్బా ఒంపడని. ఆమె వింటూ చేటలో మక్కలు ఏరుతూనే ఉంది. నేను ఆపాక కూడా ఏరుతూనే ఉంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త ఊపిరి ఆడేది.

"రేపు పిలువు అందరిని" అంది.

ట్రిప్పు లేదు, ఆదివారం

అందరూ వచ్చారు. నేను లేవబోతే రాజవ్వత్త నా భుజం నొక్కి తనే లేచింది.

"అయిలయ్య దొంగ గాదు. నీళ్ళు పోసింది నేను. వట్టి డబ్బ ఎదురు రావద్దని పోసిన. బండి నా నీళ్ళకే ఆగింది."

పెద్ద మాటలేమీ లేవు, అంతే చెప్పింది. విమల లేచి వెళ్ళి అయిలయ్యకు బట్టి తాళంచెవి ఇచ్చింది. సోదా నాడు ఉమ్మిన మనిషి అక్కడే ఉన్నాడు, అతను మాత్రం గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత నేను లేచి, గొట్టం వేయడం మానేసింది నేనని, అయిలయ్య చెప్పింది వినకుండా అతన్నే అన్నది నేనని చెప్పాను. నన్ను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

అప్పుడు వెనక నుంచి ఒకరు, మరి ఒక్క మనిషి కోసం ఇంకా వందమంది గట్క పోయాల్నా అన్నారు. నవనీత అక్కడే, బడిపిల్లల మధ్య కూర్చుని ఉంది. ఆమె లేచి వెళ్ళిపోబోతే రాజవ్వత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"మా ఆయనకు మూడు వందల సార్లు పోసిండ్రు. అరవై దాటినోనికి పోసి, గీ పిల్లకు పొయ్యరా? నా ఇంట్ల గిప్పుడు తినెటోళ్ళు లేరు. నా పది మానికల ఐదు తీస్కోర్రి."

బండిపాలు పదికి రెండు చొప్పున ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవాళ్ళకూ కాదన్నవాళ్ళకూ తేడా పదకొండు చేతులు. వచ్చే వానాకాలం మళ్ళీ చూద్దామన్నారు. అంటే నవనీతకు వానాకాలం దాకా. ఆమె కాదన్నవాళ్ళలో ఇద్దరి పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని ఇంటికి నడిపించుకు వెళ్ళింది.

అందరూ పోయాక రాజవ్వత్త, నేను మిగిలాం. ఆమె మెట్టు మీద కూర్చుని నన్ను పక్కన కూర్చోమంది. ఎండకు నుదురు చెమట పట్టింది, తుడుచుకోలేదు.

"బిడ్డా, ఒక్కటి అడుగుత. అబద్ధం చెప్పకు."

"అడుగత్తా."

"ఆ శుక్రవారం నేను ఒక్క చెంబే పోసి ఉంటె... సోమవారం బండి లేసేదా?"

తొంభై దగ్గర ఈ బండి తొమ్మిది ట్రిప్పులు లేచింది. ఇరవై నిమిషాలు ఆలస్యంగానో, అరగంట ఆలస్యంగానో, ప్రతిసారీ లేచింది.

"లేవకపోయేది అత్తా" అన్నాను. "ఆ చలికి ఎట్లయినా లేవకపోయేది."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను కళ్ళు తిప్పుకోలేదు, ఆమె కోసం ఆ మాత్రం చేయగలిగాను. కాసేపటికి తల ఊపి, మోకాళ్ళు పట్టుకుని లేచింది. నాలుగు అడుగులు వేసి ఆగింది.

"రెండో చెంబు పోద్దామా వద్దా అని శానసేపు నిలబడ్డ బిడ్డా ఆ దినం" అంది. "తాగెతందుకు ఇంట్ల గవే నీళ్ళుండె."